తాజ్ బీ రోజాలు

మెదక్‌లో పెళ్లి కుదిరితే పంతులు కంటే ముందు తాజ్ బీకి కబురు వెళ్లే ఇళ్లు ఇప్పటికీ కొన్ని ఉన్నాయి. బజారులో అద్దాల వెనక ఎన్ని రకాల గాజులు పెట్టినా సరే, మనిషి ఇంటికి రావాలి, చాప మీద కూర్చోవాలి, పిల్ల చేతిని ఒళ్లో పెట్టుకుని ఎముక ఎక్కడ అడ్డం పడుతుందో వేళ్లతో నొక్కి చూడాలి, చర్మం గీసుకుపోకుండా తొడగాలి. అప్పుడే గాజులు వేసుకున్నట్టని ఆ ఇళ్ల ఆడవాళ్ల లెక్క. తాజ్ బీ అత్త గాజులమ్మిన ఇళ్లవి. అత్త పోయాక గాజులూ ఇళ్లూ రెండూ ఈమెకే వచ్చాయి.

తాజ్ బీ చెయ్యి మెత్తన, నోరు గట్టిది. పిల్ల నొప్పి మరిచిపోవాలంటే నవ్వించాలి కదా. "గీ గాజుకే ఏడుస్తె ఎట్ల బిడ్డా, రేపు అత్త వస్తది, గామెను ఏ సబ్బు పెట్టి జారగొడ్తవ్?" అనేది. పిల్ల నవ్వేలోపు గాజు మణికట్టు దాటేది. చుట్టూ కూర్చున్నవాళ్లు నవ్వేవాళ్లు, అందరికంటే గట్టిగా తనే నవ్వేది.

అలాంటి మనిషి నవ్వడం మానేసింది. ఎందుకు మానేసిందో ఎవరికీ తెలియదు. ముసలితనమనుకున్నారు. భక్తి అనుకున్నారు.

అసలు సంగతి హవేలిఘనపూర్ దారిలో మొదలైంది. ముసురు పట్టిన రోజు, పెళ్లింటి నుంచి వస్తూ ఆటో దిగబోయి కాలు జారింది. రెండు చేతుల్లో గాజుల సంచులు, వాటిని వదలబుద్ధి కాలేదు. నడుము మీద కూలబడింది. ఇంటికి వచ్చాక అందరూ పగిలిన గాజుల గురించే బాధపడ్డారు, ఆమె కూడా. కొడుకు మన్సూర్ మోటార్ రిపేర్ దుకాణం మూసి వచ్చి, నడుముకు తైలం కొనిచ్చి వెళ్లాడు. నొప్పి కొన్నాళ్లుండి తగ్గింది. నొప్పి పోయిన చోట ఒళ్లు మొద్దుబారింది. కూర్చుంటే కింద చాప ఉందో బండ ఉందో తెలిసేది కాదు. ఇది ఎవరికి చెప్పాలి? కొడుక్కా? కోడలు తస్లీమ్ మంచిదే కానీ, అత్త కోడలితో చెప్పుకునే మాటేనా?

తర్వాత టేక్మాల్‌లో ఒకరింట్లో ఆ పని జరిగింది. గాజులు తొడిగి, సంచి సర్దుకుని లేచేసరికి చాప తడిసి ఉంది. ఎప్పుడు తడిసిందో ఆమెకు తెలియనే లేదు. నల్ల బుర్ఖా కాబట్టి ఒంటి మీద మరక కనబడలేదు. ఆ ఇంటామె చూసింది, పక్కనే పాకుతున్న తన చంటిదాన్ని చూసింది, "సక్కగ చాప మీదనే పోసినవానే" అని వీపు మీద ఒకటి వేసింది. పిల్ల బిత్తరపోయి ఏడుపు అందుకుంది. తాజ్ బీ ఆ తడి తనదని చెప్పలేదు. పైగా, "చిన్నపిల్లమ్మా, ఏం తెలుస్తది, కొట్టకు" అని బుజ్జగించింది. బస్సులో వస్తున్నంతసేపు తను అన్న ఆ మాటే చెవిలో తిరిగింది. తడిసిన బుర్ఖా కంటే ఆ మాటే ఎక్కువ కంపు కొట్టింది ఆమెకు.

ఆ రోజు నుంచి ఇల్లు దాటితే నీళ్లు ముట్టడం మానేసింది. తాగితేనే కదా పడేది. కానీ గాజులామెకు మంచినీళ్లు, చాయ ఇవ్వని ఇల్లు ఉండదు, ఇచ్చింది వద్దంటే ఇల్లాలు చిన్నబుచ్చుకుంటుంది. ఒక గురువారం నాడు ఎవరో గ్లాసు చేతికి అందిస్తుంటే, "రోజా ఉన్ననమ్మా" అని నోటికొచ్చింది. గురువారం రోజా ఉపవాసం ఉండేవాళ్లు చాలామందే ఉంటారు కాబట్టి మాట అతికింది. ఆ ఇల్లాలు వెంటనే గ్లాసు వెనక్కి తీసుకుని, చేతులు జోడించినంత పని చేసింది.

శనివారం ఇంకో ఇంట్లో అదే మాట. సోమవారం ఇంకో ఇంట్లో.

అల్లా పేరు మీద ఉండే రోజాను అబద్ధానికి వాడుకోవడం తాజ్ బీకి లోపల గుచ్చింది. అందుకని నిజంగానే ఉండడం మొదలుపెట్టింది. తెల్లవారక ముందే లేచి రెండు ముద్దలు తిని, పొద్దు గూకేదాకా పచ్చి నీళ్లు ముట్టకుండా, ఇంచుమించు రోజూ. ఉంటే అబద్ధం కాదు కదా అనుకుంది. కానీ రోజాకు సంకల్పం చెప్పుకునే వేళ నోరు దేవుడి పేరు పలుకుతుంటే, మనసుకు తడిసిన చాప కనబడేది. ఈ రోజా అల్లా కోసమా, బట్ట కోసమా అని తనను తానే అడిగి, జవాబు చెప్పుకోకుండానే పనిలో పడేది.

ఆమె ఇంటికి ఎదురుగా ఇందిరమ్మ మేడ. పొలాలూ రైస్ మిల్లూ ఉన్న కుటుంబం, కొడుకు శ్రీనివాస్ రాజకీయాల్లో తిరుగుతుంటాడు. ఇందిరమ్మకు షుగర్, మోకాళ్ల నొప్పులు. అవి తప్ప ఆమెను కదలనివ్వనివి ఏవీ లేవు. గేటు దగ్గర కుర్చీ వేసుకుందంటే గల్లీలో ఏ ఇంట్లో ఏ కూర వండారో, ఎవరి పిల్లకు ఎక్కడ సంబంధం తప్పిందో సాయంత్రానికల్లా ఆమె చేతిలో ఉండేది. ఆమె చేతిలోకి వచ్చింది ఊళ్లోకి పోకుండా ఆగేది కాదు.

"ఏం తాజ్ బీ, ఇయ్యాల గూడనా?"

"ఇయ్యాల గూడనే పటేలమ్మా."

"రంజాన్ పోయి ఎన్ని దినాలాయె. మీ దేవుడు నీకొక్కదానికే వేరే పంచాంగం పంపిండా ఏంది?"

తాజ్ బీ తల దించుకుని వెళ్లిపోయేది. ఆ తల దించుకోవడమే ఆమెకు కీర్తి తెచ్చిపెట్టింది. ఎంత అణకువ చూడండ్రని ఇందిరమ్మ ఊరంతా చెప్పింది. ఆమె మనుమరాలు శ్రేయకు రెండు కడుపులు నిలవలేదు. మూడోసారి నెల తప్పగానే ఇందిరమ్మ నీళ్ల సీసా పట్టుకుని వచ్చి, "ఊది ఇయ్యి" అని కూర్చుంది. తాజ్ బీ వద్దంది, నేనెంతదాన్ని అంది. వద్దన్నకొద్దీ ఇందిరమ్మకు నమ్మకం పెరిగింది. చివరికి తాజ్ బీ కళ్లు మూసుకుని, తనకు వచ్చిన ఖురాన్ సూరా చదివి, నీళ్ల మీద ఊదింది. కడుపు నిలిచింది. ఇక ఆపడం ఎవరి తరం? జ్వరమొచ్చిన పిల్లలు, ఉలిక్కిపడే పిల్లలు, పాలు కక్కే పిల్లలు, అందరి నీళ్ల సీసాలూ తాజ్ బీ గడపకే వచ్చాయి. పక్క తడి చేసే పిల్లకు ఊదమని ఒకామె వచ్చిన రోజు, నీళ్లు ఊది పంపి, లోపలికి వెళ్లి తలుపు వేసుకుని చాలాసేపు గోడవైపు తిరిగి కూర్చుంది.

ఇంతచేసినా నీళ్లు మానేసినందువల్ల తడి ఆగిందా అంటే, లేదు. పైగా వాసన ముదిరింది. బట్టలు ఉతికి, గాజుల అట్టపెట్టెల వెనక ఆరేసేది. ఒకనాడు ఒళ్లంతా వణికే చలిజ్వరం వచ్చి పడిపోతే, దుప్పటి కోసం వెతికిన తస్లీమ్‌కు ఆ బట్టలు దొరికాయి. తస్లీమ్ వాటిని మడిచి పక్కన పెట్టి, "లే అమ్మీ, దవఖానకు పోదాం" అంది అంతే. ఆ పిల్లకు తెలిసిపోయిందని తాజ్ బీకి అర్థమైంది. జ్వరం కంటే అది ఎక్కువ కాల్చింది.

సర్కారు దవఖానలో డాక్టరమ్మ వయసులో తస్లీమ్ కంటే పెద్దదేమీ కాదు. అడగకూడనివన్నీ వరసగా అడిగింది.

"ఒంటేలు వచ్చేటట్టున్నదని మీకు ముందుగాల తెలుస్తదా అమ్మా?"

"తెల్వదు."

"మరి ఎప్పుడు పోతరు?"

తాజ్ బీ కోడలి వైపు చూడకుండా చెప్పింది. "తడిసినంక."

బాత్రూంకు పోయి రమ్మన్నారు. పోయి వచ్చింది. పడుకోబెట్టి పొట్ట మీద చల్లటి జిగురు రాసి మిషన్ తిప్పారు. డాక్టరమ్మ తెర వైపు చూసి, "ఇంకా మస్తు ఉన్నదే" అంది.

"ఇప్పుడే పోయి వచ్చిన బిడ్డా. ఒట్టు."

"మీరు పోయిండ్రు, కాదంటలేను. మొత్తం బయటికి రాలే. ఒంటేలు సంచి నిండే ఉన్నది, నిండినదాంట్లకెల్లి పొంగి కారుతున్నది. మీరేమో ఎక్కువై పడుతుందనుకున్నరు. ఖాళీ గాక పడుతుంది." అని పక్కకు తిప్పి పడుకోబెట్టి, కూర్చునే చోట సూది మొనతో అక్కడక్కడా తాకింది. "తెలుస్తుందా? ఇక్కడ? ఇక్కడ?" ఆమె ఎన్నిసార్లు అడిగినా తాజ్ బీ గోడ మీది పెచ్చు ఊడిన సున్నం చూస్తూ తల అడ్డంగా ఊపింది.

"నడుముకు ఎప్పుడన్న దెబ్బ తాకిందా?"

అప్పుడు ఆటో సంగతి బయటికి వచ్చింది. హైదరాబాద్ పంపి నడుము లోపలి ఫోటో తీయించారు. వెన్నుపూసల మధ్య మెత్త జారి, కిందికి వెళ్లే నరాల కట్టను నొక్కేసింది. మెదడుకూ మూత్రపు సంచికీ మధ్య కబుర్లు మోసేవి ఆ నరాలే. మొద్దుబారిన ఆ మొదటి దినాల్లోనే వచ్చి ఉంటే ఆపరేషన్ చేసి విడిపించేవాళ్లమని, ఇంత ఆలస్యమయ్యాక ఆ నరాలు తేరుకుంటాయని చెప్పలేమని అక్కడి పెద్ద డాక్టరు చెప్పాడు. పైగా వెనక్కి ఎగదన్నిన మూత్రంతో కిడ్నీలు ఉబ్బి ఉన్నాయి. సంచిని రోజూ కొన్ని గంటలకోసారి గడియారం చూసుకుని సన్నటి పైపుతో తనే ఖాళీ చేసుకోవాలి, నీళ్లు తాగుతూ ఉండాలి, లేకపోతే కిడ్నీలు పోతాయి. ఎప్పుడు చెప్తే బాగుండేదో అప్పుడే తను నోరు మూసుకుని నడుముకు తైలం రాసుకుంది.

పైపు వాడడం నేర్పింది మెదక్ దవఖానలో నర్సు ఆశా. చేతులు సబ్బుతో కడిగించి, కింద అద్దం పెట్టింది. తన ఒంటినే తను చూసుకోవడానికి తాజ్ బీ చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"తియ్యమ్మా చెయ్యి. మీరు గాజులు ఏస్తరట గద?"

"ఏస్త."

"గిది గూడ గంతే. గుంజద్దు, నెట్టద్దు. తొవ్వ దొరికితె అదే పోతది. దొరకకుంటె ఆగుండ్రి, ఊపిరి పీల్చుకోండ్రి."

తాజ్ బీకి నవ్వొచ్చింది, నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చింది. రెండు మూడు తప్పిన ప్రయత్నాల తర్వాత గిన్నెలో సవ్వడి వినబడింది. అంత నీరు లోపల మోస్తూ తిరుగుతున్నానా అని తెల్లబోయింది.

బట్టలు పొడిగా ఉండడం మొదలైంది. అయినా రోజా మానలేదు. పైపు రహస్యం తస్లీమ్‌తో ఆగింది, మన్సూర్‌కు కూడా నడుము నరం అని మాత్రమే తెలుసు. కానీ పట్టపగలు గ్లాసెత్తి నీళ్లు తాగడం రహస్యంగా కుదిరే పని కాదు. ఎందుకు మానినవని అడుగుతారు. బీమారి అంటే ఏం బీమారి అంటారు. మళ్లీ చూపించుకోవడానికి వెళ్తే మూత్రంలో చీము, కిడ్నీల ఉబ్బు తగ్గలేదు. నీళ్లు తాగుతుండ్రా అని డాక్టరమ్మ అడిగితే తస్లీమ్ ఉన్నది చెప్పేసింది.

"ఆరోగ్యం మంచిగ లేనోళ్లకు మీ తాన మాఫీ ఉంటది గదమ్మా. మీకు తెల్వంది కాదు," అంది డాక్టరమ్మ. "గిట్లనే ఉంటె నేను మందులు రాసుడు దండుగ."

ఆటోలో తస్లీమ్ మెల్లగా అడిగింది. "అమ్మీ, అల్లా మాఫీ చేసినంక ఇంకా ఎవరి కోసం రోజా?"

"మందికి ఏమని చెప్పాల్నే?"

ఇల్లు వచ్చేదాకా ఇద్దరూ రోడ్డు చూశారు.

అలా ఉండగానే శ్రేయ శ్రీమంతం వచ్చింది. గాజులు తొడగాల్సింది తాజ్ బీయేనని ఇందిరమ్మ నెల ముందే చెప్పి పెట్టింది. హాలు నిండా చుట్టాలు, పూలు, పండ్ల పళ్లాలు. ఇందిరమ్మ తాజ్ బీని చెయ్యి పట్టుకుని వంటింటి వెనక ఉన్న సామాన్ల గదిలోకి లాక్కుపోయి తలుపు దగ్గరికేసింది. బియ్యం బస్తా మీద కూలబడింది. పెదవులు ఎండి తెల్లగా ఉన్నాయి, చెయ్యి సన్నగా వణుకుతోంది.

"ఏమైంది పటేలమ్మా, గట్లున్నరు?"

"ఏం గాలె. ఎవ్వలకు చెప్పకు. నేను గూడ ఉంటున్న."

"ఏముంటున్నరు?"

"నీ లెక్కనే. పొద్దు గూకెదాక నీళ్లు ముట్టను, మెతుకు ముట్టను. శ్రేయ కానుపు అయ్యెదాక మొక్కుకున్న. పళ్లెం ముంగట పెట్టుకుని కుక్కకేస్తున్న, కోడలికి తెల్వదు."

తాజ్ బీ బస్తా దగ్గరికి జరిగింది. "మీకు షుగర్ గద. గోలీలు మింగుతరు గద."

"మింగుతున్న. నువ్వు ఏడాదంత ఉంటివి, నీకేమాయె? రాయి లెక్క తిరుగుతున్నవ్. నీ రోజాలకే గదా దాని కడుపు నిలిచింది. ఇప్పుడు నాది గూడ కలిస్తె ఇంకింత గట్టిగుంటది."

మీ పద్ధతి కాదు కదా అని చూసింది తాజ్ బీ. ఏ దేవునికైనా ఆకలి ఒకటేనంది ఇందిరమ్మ. శ్రీనివాస్ సారుకు చెప్తానంది. చెప్తే నా మీద ఒట్టేనంది. ఇందిరమ్మ పట్టిన పట్టు వదిలే మనిషి కాదు. వదిలించే మాట ఒక్కటే ఉంది. ఆ మాట ఇందిరమ్మ చెవిన పడితే శ్రీమంతం గిన్నెలు కడగకముందే రాందాస్ చౌరస్తా దాటిపోతుంది. ఏ ఇంట్లో ఏ చాప మీద కూర్చున్నదో ఊళ్లో ప్రతి ఆడమనిషీ గుర్తుచేసుకుంటుంది. తాజ్ బీ తలుపు వైపు చూసింది. బయట ఎవరో నవ్వుతున్నారు. ఇందిరమ్మ వణుకుతున్న చేతిని రెండో చేత్తో పట్టుకుని దాచుకుంటోంది.

"నాది రోజా గాదు పటేలమ్మా," అంది.

"ఆఁ?"

"నీళ్లు తాగితె బట్టల పడ్తది. నాకు తెల్వకుంటనే పడ్తది. అందుకు తాగలే. అది చెప్పలేక రోజా అన్న."

"ఏం పడ్తది?"

"ఒంటేలు."

ఇందిరమ్మ తలెత్తి ఆమె బట్టల వైపు చూసింది. ఎంత నీరసంగా ఉన్నా, ఆమె ఆమే కదా.

"ఎప్పటిసంది?"

"హవేలిఘనపూర్ తొవ్వల పడ్డప్పటిసంది. నడుముల నరం నలిగింది."

"మా ఇంట్ల గూడనా?"

"ఒక పారి. చాప నేనే కడిగి ఎండకేసిన. చెంబు నీళ్లు ఒలికినయని చెప్పిన మీకు."

"ఇప్పుడు?"

"ఇప్పుడు పైపు ఏసి తీసుకుంట. దినాం. నీళ్లు తాగకుండ ఉన్నందుకు కిడ్నీలు ఉబ్బినయి. నా లెక్క ఉంటనన్నరు గద, నేనున్నది గిట్ల."

ఇందిరమ్మ మొహం ఎర్రబడింది. "నన్ను పిచ్చిదాన్ని చేస్తివి. ఊరంత చెప్పుకొచ్చిన నీ గురించి."

"చేసిన."

"మరి శ్రేయకు ఊదిన నీళ్లు?"

తాజ్ బీ దీనికే అన్నిటికంటే ఎక్కువ భయపడింది. "చదివింది నిజమే పటేలమ్మా. పిల్ల మంచిగుండాల్నని మనసుల ఏడ్చుకుంటనే చదివిన. ఊదే హక్కు ఉన్నదా లేదా, నాకు తెల్వదు."

మూలన ఉన్న బిందెలో నీళ్లు ముంచి, డబ్బాలోంచి గుప్పెడు చక్కెర వేసి కలిపి గ్లాసు అందించింది. ఇందిరమ్మ అందుకోలేదు.

"ముందుగాల నువ్వు తాగు. నా ముంగట."

తాజ్ బీ ఇంకో గ్లాసు ముంచుకుంది. ఒకరి ఎదురుగా, పట్టపగలు, గటగటా తాగి ఎంతకాలమైందో. గొంతు దిగుతుంటే ఏదో దొంగతనం చేస్తున్నట్టే అనిపించింది. అడుగు కనబడేదాకా తాగి, ఖాళీ గ్లాసు చూపించింది. అప్పుడు ఇందిరమ్మ చక్కెరనీళ్లు తాగింది. వణుకు తగ్గేదాకా ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. తర్వాత ఇందిరమ్మ లేచి తలుపు తీసుకుని వెళ్లిపోయింది.

హాల్లో శ్రేయ పీట మీద కూర్చుని చెయ్యి చాపింది. తాజ్ బీ ఆకుపచ్చ గాజులు తీసి ఒకటి తర్వాత ఒకటి తొడగసాగింది. ఇందిరమ్మ వచ్చింది. ఒక చెంబుతో నీళ్లు తెచ్చి, అందరూ చూస్తుండగా, టక్కున ఆమె పక్కన పెట్టింది. మంచికి పెట్టిందో, కోపానికి పెట్టిందో ఆ మొహం చూస్తే తెలియలేదు. తాజ్ బీ చెంబు అందుకుని రెండు గుక్కలు తాగింది.

కిందటి వారమే మనుమడికి నీళ్లు ఊదించుకుపోయిన ఒకామె చూడనే చూసింది. "ఏం తాజ్ బీ, రోజా ఇడిసినవా ఏంది?"

తాజ్ బీ ఇందిరమ్మ వైపు చూసింది. ఊళ్లోని మాటలన్నీ మోసే ఆ నోరు ఇవాళ గట్టిగా బిగించి, పైన తిరిగే ఫ్యాన్ వైపు చూస్తోంది. తనకోసం చెప్పిపెట్టేవాళ్లు ఎవరూ లేరు.

"రోజా లేకుండె," అంది, శ్రేయ చేతిని వదలకుండా. "నాకు బీమారి. నరం దెబ్బ తిన్నది, ఒంటేలు ఆగదు, తెల్వదు. అది దాసుకుందామని నీళ్లు తాగకపోతి. నేను రోజా అంటి, మీరు నమ్మితిరి."

పళ్లాలు సర్దే చేతులు ఆగిపోయాయి. నీళ్లు ఊదించుకున్నామె పక్కామె వైపు చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఒక ముసలామె "అయ్యో" అనబోయి మింగేసింది. శ్రేయ మాత్రం చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "నాకు గూడ ఈ మధ్య దగ్గితె ఆగుతలేదు," అని చిన్నగా అనేసి, తల్లి కళ్లురిమితే తల దించుకుంది. తాజ్ బీ చెవులు వేడెక్కిపోయాయి. గాజు చిట్లకూడదని ఆ ఒక్కదాని మీదే మనసు పెట్టి రెండు చేతులూ పూర్తి చేసింది.

అప్పటికి గడియారం ఆమె వేళ చూపిస్తోంది. సంచి నిండిందని ఒళ్లు చెప్పదు, గడియారమే చెప్పాలి. గాజుల సంచిలోంచి పైపు ఉన్న చిన్న డబ్బా, సబ్బు బిళ్ల తీసుకుని లేచింది. బాత్రూం హాలుకు ఆ చివర ఉంది, అంతమంది మధ్య నుంచి వెళ్లాలి. ఆడవాళ్లు మోకాళ్లు ముడిచి దారి ఇచ్చారు. ఎవరెవరు దారి ఇచ్చారో తాజ్ బీ తలెత్తి చూడలేదు. తలుపు గడియ పెట్టుకున్నాక బయట అందరూ ఒక్కసారిగా మాట్లాడడం వినబడింది, అందులో ఇందిరమ్మ గొంతు కూడా ఉంది. ఏమంటోందో వినాలనిపించింది. వినకుండా, కుళాయి తిప్పి, సబ్బుతో చేతులు కడుక్కోవడం మొదలుపెట్టింది.